జిల్లేడు మీది రంగుల మిడుతలకు మందు కొట్టాలా?

చేను గెట్టు మీది జిల్లేడుకు పసుపు, నీలం చారల మిడుతలు గుంపుగా పట్టాయి, పత్తికి మందు కొట్టాలా అని అడిగారు. వద్దు. ఒక్క పంపు కూడా కొట్టకండి.

2020లో మిడుతల దండు మహారాష్ట్ర దాకా వచ్చిందని ఇక్కడ అందరికీ భయం పట్టుకుంది. అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు మీద ఈ రంగుల మిడుతలే కనబడితే దండు దిగిందని జనం హడలిపోయారు. మాది పరకాల వైపు. పత్తి మొలకెత్తే రోజుల్లో మా పెద్దబాపు పంపు వీపున తగిలించుకుని గెట్టు మీదికి వచ్చేసిండు.

"ఇవే దండు మిడుతలు, ఇప్పుడు కొట్టకపోతే చేను పోతది."

"పెద్దబాపూ, జర ఆగు. జిల్లేడు ఆకులు బోడిగ అయినయి, పక్కన పత్తి మీద ఒక్కటన్న ఉందా చూడు."

లేదు. పుల్లతో ఒక పిల్ల మిడుతను కదిలించాను. లేత పసుపు ఒళ్లు, నల్ల చుక్కలు, అక్కడక్కడ ఎర్ర మచ్చలు. ఎగరలేదు, నడుం మీద నుంచి సర్రున ఒక ద్రవం చిమ్మింది. జిల్లేడు పాలల్లో గుండెను దెబ్బతీసే విషం ఉంటుంది. ఆ ఆకులు తిని అదే విషాన్ని ఇవి ఒంట్లో దాచుకుంటాయి. నన్ను ముట్టొద్దని పిట్టలకు చెప్పడానికే ఆ రంగులు. దండు మిడుత కుటుంబమే వేరు, ఇవి పిర్గోమార్ఫిడే కుటుంబానివి.

కానీ ఆ కుటుంబంలోనే మన అసలు దొంగ ఉంది! క్రోటోగోనస్ అంటారు. మట్టి రంగు, గరుకు ఒళ్లు, నేలకు అతుక్కుని కూర్చుంటుంది, మీద కాలు పడేదాకా కనబడదు. అప్పుడే మొలిచిన పత్తి, పెసర మొక్కలను కొరికేది అది. ఆ రోజు కూడా సాళ్లల్లో తెగిన మొలకల పక్కన అదే దొరికింది. రంగులున్నదాన్ని చంపి దీన్ని వదిలేస్తున్నాం.

మందుల దుకాణంలో ఫోటో చూపిస్తే చాలు, ఏ పురుగని అడగకుండానే డబ్బా చేతిలో పెడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. పురుగు పేరు తెలియనోడు మందు పేరు ఎట్లా చెప్తాడు?

జిల్లేడు పూర్తిగా అయిపోతే ఇవి పక్క కూరగాయల మీదికి మళ్లవచ్చు. అప్పుడు కూడా పొద్దున్నే పుల్లతో బకెట్‌లోకి దులపండి, కళ్లకు మాత్రం ఆ ద్రవం తగలనీయకండి. మొలకలు తెగుతుంటే జిల్లేడు వైపు కాదు, సాళ్లల్లో వంగి నేల మీద వెతకండి.