బోర్లు ఇంకా లోతుగా వేస్తే అనంతపురంలో నీటి కొరత తీరుతుందా?

తీరదు. అక్కడ నేల కింద ఉన్నది గట్టి గ్రానైట్ కాబట్టి నీరు పై పొరలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది; వెయ్యి అడుగులు దింపినా పగులు తగలకపోతే పైకి వచ్చేది రాతిపొడే, తగిలితే చాలాసార్లు అది పక్క రైతు బోరుకు అందుతున్న నీరే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే చోట, పట్టణాలూ పరిశ్రమలూ పెరుగుతున్న కొద్దీ, వాడకాన్ని అదుపు చేయడమే అసలు పని. చీనీ (బత్తాయి) చెట్టు పాదులో వేళ్లున్న మేర డ్రిప్పుతో నేల తడిస్తే చాలు. అయితే అలా మిగిలిన నీటితో మరో రెండెకరాలు సాగు చేస్తే భూగర్భజలానికి ఒరిగేదేమీ లేదు. ఈ సంగతిని చాలామంది విస్మరించడం బాధ కలిగిస్తుంది. కొత్త బోర్లు వేయబోమని ఒప్పుకొని, ఉన్నవాటిని పైపులతో కలిపి ఇరుగుపొరుగు రైతులు నీటిని పంచుకోవడం నాకు అన్నిటికన్నా నమ్మకమైన మార్గంగా కనిపిస్తుంది.