నీలి అట్ట వెయ్యకముందు

అమ్మాయ్,

అప్పీలు కోర్టులో మన క్లయింటు తరఫున వేసే నీలి అట్ట బ్రీఫ్‌కి, అంటే రాతపూర్వక వాదనకి, నువ్వు రాసిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. చివరి సర్టిఫికెట్‌లో 12,940 మాటలు అని వేశావు. 13,000 అనేది రూలు గీసిన హద్దు, మనం చేరాల్సిన ఊరు కాదు. కింది తీర్పు తప్పని చూపే ఇష్యూలు ఏడున్నాయి, అయిదు తీసేయ్. అయిదోదాని మీద నువ్వు వారం కూర్చున్నావని ఫుట్‌నోట్లే చెబుతున్నాయి, అయినా సరే. కాకపోతే ఇప్పుడు తీసేసింది, ఎదుటివాళ్ళ జవాబు తర్వాత మనం వేసే రిప్లై బ్రీఫ్‌లో మళ్ళీ దూర్చనివ్వరు. కాబట్టి ముందు క్లయింటుతో మాట్లాడు.

డిస్కవరీ (విచారణకి ముందు ఇరుపక్షాలూ ఒకరి దగ్గర ఒకరు సాక్ష్యం రాబట్టుకోవడం) గడువు పొడిగించలేదన్న గొడవను అన్నిటికంటే ముందు పెట్టావు. అది కింది జడ్జి విచక్షణకి వదిలేసిన విషయం, అక్కడ తప్పు పట్టడం చాలా కష్టం. సమ్మరీ జడ్జిమెంటు, అంటే పూర్తి విచారణ లేకుండానే ఇచ్చేసిన తీర్పు, అలా కాదు. కింది కోర్టు ఏమన్నా సరే, పైకోర్టులో ముగ్గురు జడ్జీలూ దాన్ని మొదటినుంచీ మళ్ళీ తూచుతారు. పైగా సాక్ష్యాన్ని మన క్లయింటుకి అనుకూలంగా చదవాలి. మాగాణి ఉండగా చవిటి నేల దున్నుతావేం?

ఇక వాస్తవాల భాగం. నన్నడిగితే బ్రీఫ్ గెలిచేదీ ఓడేదీ అక్కడే. "సూపర్‌వైజరు దారుణంగా ప్రవర్తించాడు" అని రాశావు. దారుణం అన్నది నీ మాట. డిపోజిషన్‌లో, అంటే ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో, మన క్లయింటు చెప్పిన మాట పెట్టు, పక్కన అపెండిక్స్ (కింది కోర్టు రికార్డు కాగితాల కట్ట) పేజీ నంబరు వెయ్యి, దారుణమో కాదో జడ్జీలే అనుకుంటారు. పేజీ నంబరు దొరకని వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టెయ్. నా మొదటి అప్పీల్లో క్లయింటు ఫోన్లో చెప్పిన సంగతొకటి, కదిలించేలా ఉందని రాసేశాను. వాదనప్పుడు ఒక జడ్జి కళ్ళజోడు తీసి, "ఇది రికార్డులో ఎక్కడుంది?" అన్నారు. ఎక్కడా లేదు. నాకిచ్చిన 15 నిమిషాల్లో మిగతావి ఎలా గడిచాయో ఇప్పటికీ గుర్తు లేదు.

మన క్లయింటుకి ఉద్యోగంలో వచ్చిన రెండు వార్నింగ్ లెటర్లు నీ డ్రాఫ్ట్‌లో కనపడలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది. ఎదుటివాళ్ళ ఎర్ర అట్ట బ్రీఫ్ మొదలయ్యేదే వాటితో. మనమే ముందు చెప్పి, అవి ఆవిడ ఫిర్యాదు చేశాక వచ్చాయన్న తేదీ పక్కన పెడితే, ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకున్నారనడానికి అవే మన సాక్ష్యం అవుతాయి.

కేసుల పేర్లు నువ్వే తెరిచి చదివి సరిచూడు, ఏ యంత్రానికీ వదలకు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పుల్ని చూపించిన లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా పడింది. డబ్బు పోతే పోయింది, ఆ తర్వాత వాళ్ళ పేరు ఎవరు నమ్ముతారు?

ఫిలడెల్ఫియాలో మన అప్పీలు కోర్టు థర్డ్ సర్క్యూట్‌కి సొంత పట్టింపులున్నాయి. ప్రతి ఇష్యూనీ కింది కోర్టులో ఎక్కడ లేవనెత్తారో, ఎక్కడ అభ్యంతరం చెప్పారో, జడ్జి ఎక్కడ తేల్చారో పేజీలతో చూపాలి. నీ డ్రాఫ్ట్‌లో అది లేదు. ఇంకోటి, అర్ధరాత్రి దాకా టైముందనుకోకు. 2023 జూలై నుంచి ఇక్కడ గడువు సాయంత్రం 5 గంటలకే ముగుస్తుంది. నోటీస్ ఆఫ్ అప్పీల్ (అప్పీలు చేస్తున్నామని తెలిపే కాగితం) వేళకి వేశావు, అదృష్టం. బౌల్స్ కేసులో ఆ నోటీసు వెయ్యడానికి జడ్జే పొరపాటున 14 రోజులకి బదులు 17 ఇచ్చాడు. పాపం, బౌల్స్ 16వ రోజున వేస్తే 2007లో సుప్రీంకోర్టు 5-4తో చెల్లదంది. నాకిప్పటికీ ఆ తీర్పు మింగుడు పడదు. బ్రీఫ్ గడువు అంత కర్కశం కాదులే, కావాలంటే ముందే అడగొచ్చు. కానీ ఈసారి అడగొద్దు.

గురువారానికి రెండే ఇష్యూలతో పంపు. వార్నింగ్ లెటర్లు మూడో పేజీ దాటకుండా కనపడాలి.

మీ అక్క