గన్ అంటే తుపాకా, ఫిరంగా?

మీ ప్రశ్న ఇది: "21 గన్ సెల్యూట్"ను "21 తుపాకుల గౌరవ వందనం" అని రాయొచ్చా, అసలు ఫిరంగి అంటే ఆయుధమా, పరదేశీయుడా? పత్రికలో అనువాదాలు చేసేటప్పుడు ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి గట్టిగా చెప్పగలను. అక్కడ ఫిరంగులు అనే రాయాలి.

ఒకసారి రిపబ్లిక్ డే వార్తలో "21 తుపాకుల" అని రాశాను. ఆ ఉదయమే మా పెద్దమావయ్య ఫోన్ చేశాడు. ఆయన ఆర్టిలరీలో, అంటే సైన్యంలోని ఫిరంగి దళంలో, హవల్దారుగా చేసి రిటైరై తాడేపల్లిగూడెం దగ్గర ఉంటున్నాడు. "ఏరా, ఇది నువ్వు రాసిందేనా? పరేడ్‌లో ఎవడైనా తుపాకీ పట్టుకుని ఇరవై ఒక్కసారి కాల్చడం చూశావా? చేతిలో ఉండేది రైఫిలురా. గన్ అంటే చక్రాల మీద నిలబడేది. మమ్మల్ని గన్నర్లు అనేది అందుకే" అన్నాడు. ఆ మాటలో కోపం కన్నా బాధ ఎక్కువ ఉంది. ఫిరంగి మోతలకు ఆయన కుడి చెవి ఎప్పుడో పోయింది. ఆ మోతను తుపాకీ చప్పుడుగా రాసేశాను మరి.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఢిల్లీలో ఆ వందనానికి వాడేది 7 ఫిరంగులు. జాతీయ గీతం సాగే 52 సెకన్లలో అవే 21 సార్లు పేలతాయి. ఎన్నో ఏళ్లు 25 పౌండర్లనే బ్రిటిష్ కాలపు ఫిరంగులు వాడారు. 2023 జనవరి 26 నుంచి మన దేశంలో తయారైన 105 ఎంఎం ఫీల్డ్ గన్‌లు వచ్చాయి. 21 అనేది పేలుళ్ల లెక్క, ఆయుధాల లెక్క కాదు. అందుకే "21 ఫిరంగులతో" అన్నా తప్పే. "ఫిరంగులు 21 సార్లు పేల్చి" అంటే సరిపోతుంది. ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో పోలీసులు గాల్లోకి మూడుసార్లు పేల్చేవి మాత్రం తుపాకులే. ఈ రెండూ కలిసిపోవడం వల్లే అసలు గందరగోళం.

ఇక మాట సంగతి. పశ్చిమ ఐరోపా వాళ్లను అరబ్బులు, పర్షియన్లు ఫ్రాంకులనే అక్కడి జనం పేరు మీద ఫరంగ్, ఫిరంగ్ అన్నారు. ఆ జనం పేరే వాళ్ల వస్తువులకూ అంటుకుంది. 1526 పానిపట్టు యుద్ధంలో తన ఫిరంగీల గురించి బాబరు స్వయంగా రాసుకున్నాడు. మరాఠీలో ఫిరంగ్ అంటే ఐరోపా అలుగు బిగించిన కత్తి. ఆయుర్వేదంలో ఫిరంగ రోగం అంటే సవాయి రోగం (సిఫిలిస్). రాయలసీమలో బొప్పాయిని పరంగికాయ అనేవాళ్లను మీరు వినే ఉంటారు, అదీ ఈ మాటే. హిందీవాళ్లకు ఫిరంగీ అంటే తెల్లవాడు. తెలుగులో మాత్రం మనిషి పక్కకు తప్పుకుని ఆయుధం స్థిరపడింది. తమిళంలో పీరంగి కూడా అంతే. నాకు ఇది చాలా ఇష్టమైన విషయం: ఒకే మాట ఒక్కో ఊళ్లో ఒక్కో సామాను మోసుకుని దిగింది. తుపాకి దారి వేరు, అది తుర్కీ మాట.

మావయ్య తర్వాత హైదరాబాద్ వచ్చినప్పుడు గోల్కొండలో ఫతే రహబర్ ఫిరంగి దగ్గరికి తీసుకెళ్లాను. 1687లో ఔరంగజేబు సేనలు కోట ముట్టడికి తెచ్చింది అది. పేరుకు అర్థం విజయానికి దారి చూపేది అని. మావయ్య దాని మీదున్న శాసనం జోలికి పోకుండా నేరుగా గొట్టం పక్కలకు పొడుచుకొచ్చిన రెండు మొట్టలను తడిమాడు. "ఇవే దీని భుజాలు. వీటి మీదే మూతి పైకీ కిందికీ ఊగుతుంది. మా గన్‌కీ ఉన్నాయి" అన్నాడు. వెనక వత్తి పెట్టే చిన్న కన్నం మీద బొటనవేలు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. మందు, గుండు రెండూ మూతిలోంచే కూరి, ఆ కన్నం దగ్గర నిప్పు అంటించేవాళ్లు.

వాడుకలో నేను పాటించే పద్ధతి చెబుతాను. మనిషి చేత్తో ఎత్తి కాల్చేది తుపాకి, దానికి తూటా. బండి మీదో బురుజు మీదో నిలబెట్టి పేల్చేది ఫిరంగి, దానికి గుండు. కార్గిల్‌లో మోగిన బోఫోర్స్ కూడా ఫిరంగే, అయితే ఇప్పటివాటికి గుండు బదులు షెల్ అంటేనే అందరికీ తెలుస్తుంది. శతఘ్ని అని కూడా రాస్తారు. వందమందిని చంపేది అని దాని అర్థం. రామాయణంలో లంక కోట మీద శతఘ్నులు ఉన్నాయి, కానీ వాటికీ మందుగుండుకీ సంబంధం లేదు. పత్రికలు ఆ పాత పేరును కొత్త ఆయుధానికి తొడిగాయి. తప్పనను గానీ, మామూలు వార్తలో నాకు ఫిరంగే నచ్చుతుంది.

మీ వాక్యం ఇలా మార్చుకోండి: "రాష్ట్రపతి జెండా ఎగరేయగానే ఫిరంగులు 21 సార్లు పేల్చి గౌరవ వందనం చేశారు."