కణాల మరణం మీద ప్రాజెక్టు చేస్తే కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. రొమ్ము క్యాన్సర్‌లో కణాలు ఎలా చనిపోతాయి, ఎలా తప్పించుకుంటాయి అన్న అంశంపై ప్రాజెక్టు చేయాలనుంది. మరీ ఇరుకైన టాపిక్ అని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ముందుకెళ్లమంటారా?

జవాబు: వెళ్లండి. ఇది ఇరుకైన టాపిక్ కాదని ఇంట్లో చెప్పండి. కణం తనంతట తానే ఒక పద్ధతిగా చనిపోవడాన్ని అపోప్టోసిస్ అంటారు. దానికి 1972లో ఆ పేరు పెట్టారు, 2002లో ఈ రంగానికి నోబెల్ వచ్చింది. కణాన్ని చావకుండా కాపాడే బీసీఎల్-2 ప్రొటీన్‌ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ 2016 నుంచి రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది.

రొమ్ము విషయంలో ఈ ప్రశ్నకు ఇంకా బలం ఎక్కువ. బిడ్డ పాలు మానేశాక పాలు తయారుచేసే కణాలు పెద్ద ఎత్తున వాటంతటవే చనిపోతాయి. అంటే అక్కడ మరణం మామూలు పనిలో భాగమే. ఆ అదుపు తప్పితే, చావాల్సిన కణాలు మిగిలిపోతాయి. అయినా లెక్క అంత సూటిగా ఉండదు: ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఆ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్) ఉన్న రొమ్ము క్యాన్సర్‌లో బీసీఎల్-2 ఎక్కువగా ఉన్నవాళ్లకే తరచూ ఫలితాలు మెరుగ్గా కనిపిస్తాయి. ఎందుకో ఆలోచించి పెట్టుకోండి, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

నా అభ్యంతరం ఒక రకం ప్రాజెక్టు మీదే. ఏదో మొక్క సారాన్ని ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద వేసి, ఎంటీటీ టెస్టు చేసి, 'అపోప్టోసిస్ జరిగింది' అని రాసేస్తారు. ఇలాంటివి కొల్లలు. ఎంటీటీ కణాల జీవక్రియ తగ్గిందని చూపుతుంది కానీ, అవి ఏ దారిలో చనిపోయాయో చెప్పదు. పైగా అపోప్టోసిస్‌ను నడిపించే కాస్పేస్ ఎంజైముల్లో ఒకటైన కాస్పేస్-3 ఎంసీఎఫ్-7లో ఉండదు! అది తెలియకుండా కాస్పేస్-3 కిట్ కొంటే డబ్బు దండగ. చనిపోతున్న కణాలను, చచ్చినవాటిని విడిగా చూపే అనెక్సిన్-వి, పీఐ రంగులు వేసి, కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమీటర్‌లో చూడండి. ఎండీఏ-ఎంబీ-231 లాంటి మరో కణజాతినీ పక్కన పెట్టుకోండి. కాస్పేస్‌లన్నిటినీ ఆపే మందు కలిపినా కణాలు చనిపోతూనే ఉంటే, అప్పుడు నెక్రోప్టోసిస్, ఫెరోప్టోసిస్ లాంటి వేరే దారులు వెతకాలి. అసలు మజా అక్కడే.

ఉద్యోగానికి వస్తే, ఎమ్మెస్సీతోనే చేరాలనుకుంటే కంపెనీలు ముందు చూసేది టాపిక్ కాదు, సెల్ కల్చర్, ఫ్లో సైటోమెట్రీ, వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను గుర్తించే పరీక్ష) సొంతంగా చేయగలరా అని. కాస్త స్టాటిస్టిక్స్ కూడా నేర్చుకోండి. సొంతంగా పరిశోధన నడిపించాలంటే మాత్రం పీహెచ్‌డీ తప్పదు.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆ ల్యాబ్ సీనియర్లను ఒక మాట అడగండి: సైటోమీటర్ మీరే నడుపుతారా, లేక ట్యూబులు ఆపరేటర్ చేతికిచ్చి రిపోర్టు తెచ్చుకుంటారా? రెండోదే అయితే ఇంకో ల్యాబ్ చూసుకోండి.