‘యాక్టివేట్’ అంటే ఏం చేస్తుంది?

ప్రశ్న: మేడమ్, మొన్న ట్యూషన్ నుంచి వస్తుంటే అప్పూఘర్ దగ్గర కుక్కలు తరిమాయి. అంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. అడ్రినలిన్ వల్ల అన్నారు మా సార్. నోట్సులో మాత్రం ‘జి ప్రొటీన్ ఎంజైమును యాక్టివేట్ చేస్తుంది’ అని ఒక్క లైనే ఉంది. యాక్టివేట్ అంటే అసలేం చేస్తుంది?
– ఇంటర్ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అడ్రినలిన్ అంటే భయపడినప్పుడు రక్తంలోకి వచ్చే హార్మోను. అది కణం లోపలికి వెళ్లదమ్మా. పైపొర మీద కబురందుకునే ప్రొటీనును, అంటే రిసెప్టరును, పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. రిసెప్టరు కదలగానే, లోపలివైపున్న జి ప్రొటీను తన దగ్గరున్న జీడీపీ అనే చిన్న అణువును వదిలేసి, ఒక ఫాస్ఫేటు ఎక్కువున్న జీటీపీని పట్టుకుంటుంది. అప్పుడు దాని ఆల్ఫా ముక్క విడివడి, పొర వెంబడే జరిగి అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును చేరుతుంది.

నువ్వడిగింది ఇక్కడే ఉంది. ఆ ఎంజైములో పని జరిగే చోటు రెండు భాగాల సందులో ఉంటుంది. నీ అరచేతులు రెండూ ఎదురెదురుగా, కాస్త వంకరగా పెట్టి చూడు. ఆల్ఫా ముక్క ఒక చేతి పక్కనున్న గాడిలో దూరుతుంది. దాంతో ఆ చెయ్యి రవ్వంత తిరిగి, రెండోదానికి సరిగ్గా కుదురుతుంది. అంతే! పని జరిగే చోటును ఆల్ఫా ముక్క ముట్టుకోనే ముట్టుకోదు. 1997లో ఎక్స్‌రేలతో తీసిన నిర్మాణంలో ఈ గాడి స్పష్టంగా కనబడింది.

కుదిరిన ఎంజైము, కణానికి శక్తినిచ్చే ఏటీపీని సైక్లిక్ ఏఎంపీగా, అంటే కణం లోపల కబురు మోసే చిన్న అణువుగా మారుస్తుంది. (1929లో ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఇది తప్పకుండా రాసుకో.) అక్కణ్నుంచి మరికొన్ని ఎంజైములు మేలుకుని, కండలో దాచిన గ్లైకోజన్ అనే చక్కెర నిల్వను ఇంధనంగా విడగొడతాయి.

నేను క్లాసులో ఎక్కువసేపు చెప్పేది ఆగడం గురించి. ఆల్ఫా ముక్క తన జీటీపీని కొద్ది సెకన్లలో తానే తెంపి జీడీపీగా మార్చుకుని ఎంజైమును వదిలేస్తుంది. కలరా విషం ఆ తెంపడాన్నే చెడగొడుతుంది. ఇక పేగు కణాల్లో సైక్లేజ్ ఆగదు. క్లోరైడు బయటికి పోతుంది, దాని వెనకే నీళ్లు. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా పోవచ్చు.

నా చిన్నప్పుడు వన్‌టౌన్‌లో మా మేనత్తకు కలరా సోకింది. డాక్టరు వచ్చేదాకా మా అమ్మ కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, పంచదార కలిపి చెంచాతో పడుతూనే ఉంది. గ్లూకోజు, సోడియం కలిసి పేగు కణాల్లోకి వెళ్లే దారి వేరే ఉంది. వాటితోపాటే నీళ్లూ వెళతాయి. కలరా విషం ఆ దారి జోలికి పోదు. ఆ సంగతి మా అమ్మకు తెలియదు, నాకు ఎమ్మెస్సీలో తెలిసింది.