టెస్ట్‌కి పంపే కోడెలకి టీకాలు ఎప్పుడు?

ప్రశ్న: మాంసం జాతి కోడెదూడల్ని ఒకేచోట మేపి ఏది బాగా పెరుగుతుందో చూసే పెర్ఫార్మెన్స్ టెస్ట్‌కి పంపాలి, బయల్దేరే ముందు రోజు టీకాలేయిస్తే సరిపోతుందా డాక్టర్ గారూ?

జవాబు: సరిపోదండీ. టీకా పనిచెయ్యడానికి టైం పడుతుంది, పైగా పాలు మాన్పించిన బెంగ, లారీ ప్రయాణం, కొత్త మంద అన్నీ ఒకేసారి మీదపడితే న్యుమోనియా వచ్చేస్తుంది, ఇక దూడ అసలు సత్తా టెస్ట్‌లో ఏం కనపడుతుంది పాపం. పాలు కనీసం 30 నుంచి 45 రోజుల ముందే మాన్పించండి. ఐబీఆర్ (ముక్కు, గొంతుకి వచ్చే వైరస్ జబ్బు), బీవీడీ (విరేచనాలు పట్టించే వైరస్ జబ్బు), జబ్బవాపు టీకాలు బూస్టర్‌తో సహా ముందే పూర్తవ్వాలి, నట్టల మందు కూడా. బీవీడీకి టీకా ఒక్కటే చాలదు, చెవి అంచు చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపించండి, ఎందుకంటే పుట్టుకతోనే ఆ వైరస్ ఉన్న దూడ ఒక్కోసారి పైకి బానే ఉంటూ మందంతటికీ అంటిస్తుంది. ఆవులకి గర్భస్రావాలు తెచ్చే బ్రూసెల్లా జబ్బు టీకా మాత్రం మగదూడలకి అస్సలు వేయించొద్దు, వృషణాలు వాచే ప్రమాదం ఉంది.