మ్యూజిక్ పీరియడ్‌లో బాబును వరండాలో కూర్చోబెడుతున్నారు, అడగొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. కావలిలో గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి చదువుతున్నాడు. ఇంట్లో పాటలంటే ప్రాణం. క్లాసులో అందరూ ఒక్కసారి గొంతెత్తినా, డోలక్ మోగినా చెవులు మూసుకుని కేకలు పెడతాడు. దాంతో మ్యూజిక్ పీరియడ్ అంతా వరండాలోనే కూర్చోబెడుతున్నారు. అడిగితే ‘మీ ఖర్చుతో ఒక ఆయాను పెట్టుకోండి, లేదా టీసీ తీసుకోండి’ అంటున్నారు. ఏం చేయాలి? - ఒక తల్లి, కావలి

జవాబు: బాబు తట్టుకోలేనప్పుడు ఐదు నిమిషాలు బయటికి తీసుకెళ్లి, కుదుటపడ్డాక మళ్లీ లోపలికి తెస్తే తప్పు పట్టలేం. బెల్లు కొట్టగానే బయటికి పంపేయడం వేరే సంగతి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 3 వివక్షను నిషేధిస్తుంది. పిల్లవాడికి అవసరమైన సహేతుకమైన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షేనని సెక్షన్ 2(హెచ్) చెబుతుంది. మీ కేసుకు బలం అదే. అయితే స్కూలు మీద ‘మితిమీరిన భారం’ పడకూడదని కూడా అదే చట్టంలో ఉంది. అందుకే మొదటి ఉత్తరంలోనే ‘మీరే ఆయాను పెట్టండి’ అని అడగకండి, వాళ్ల లాయరు ఆ మాటనే పట్టుకుంటాడు. పైసా ఖర్చు లేని సర్దుబాట్లు అడగండి. వాటికీ కాదంటే ఇక చెప్పుకోవడానికి కారణం ఉండదు.

ఉత్తరంలో ‘మా బాబును బాగా చూసుకోండి’ అని రాస్తే ఉపయోగం లేదు. ఏం కావాలో విడివిడిగా రాయండి. డోలక్‌కూ స్పీకరుకూ దూరంగా, తలుపు పక్కన రోజూ ఒకే చోటు. పాట ఆడియో వారం ముందే ఇంటికి. పీరియడ్‌లో ఏది ముందో ఏది తర్వాతో చూపే నాలుగు బొమ్మల కార్డు. ఇలాంటి పిల్లల్లో చాలామందిని పెద్ద శబ్దం కన్నా ఉన్నట్టుండి వచ్చే శబ్దమే ఎక్కువ బెదరగొడుతుంది. కాబట్టి డోలక్ మొదలుపెట్టే ముందు ‘ఇప్పుడు మోగుతుంది’ అని ఒక మాట చెప్పాలి. మైకు ఒక్కసారి కీచుమంటే ఆ రోజు క్లాసు పోయినట్టే, చిన్న గదిలో అసలు మైకే అక్కర్లేదు. పాడకపోతే పాటకు తాళం వేసే పని ఇమ్మనండి, తన చేత్తో తాను చేసే శబ్దాన్ని చాలామంది పిల్లలు తట్టుకోగలరు. మొదటి రెండు వారాలు పది నిమిషాలు కూర్చోబెట్టి, తర్వాత ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవచ్చు. చెవులకు పెట్టుకునే శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు మీరే కొనివ్వండి, ఖర్చు వాదన అక్కడితో తెగిపోతుంది. ఉత్తరానికి డాక్టరు రాసిచ్చిన నిర్ధారణ కాగితం జతచేసి, పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇమ్మని అడగండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

టీసీ బెదిరింపుకు లొంగకండి. ఒకసారి చేర్చుకున్న పిల్లవాణ్ని ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా తీసేయకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 16లో ఉంది. మైనారిటీ స్కూలైతే ఆ చట్టం వర్తించదు, కానీ దివ్యాంగుల చట్టం నుంచి వాళ్లకు మినహాయింపు లేదు. ‘మా కోరిక మీదే బాబును మ్యూజిక్ క్లాసుకు పంపడం లేదు’ అని కాగితం తెచ్చి సంతకం పెట్టమంటారు. దాని మీద మాత్రం పెట్టొద్దమ్మా, తర్వాత ఎక్కడికెళ్లినా ముందు దాన్నే చూపిస్తారు.

జవాబు రాకపోతే ఎంఈఓకు (మండల విద్యాధికారి), నెల్లూరులో డీఈఓకు (జిల్లా విద్యాధికారి) ఫిర్యాదు ఇవ్వండి. గుర్తింపు పొందిన స్కూళ్లలో సమ్మిళిత విద్య అందేలా చూసే బాధ్యతను దివ్యాంగుల చట్టం సెక్షన్ 16 ప్రభుత్వం మీదే పెట్టింది. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వొచ్చు, నంబరు మాత్రం అడిగి తీసుకోండి. అక్కడా కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. సాక్షులను పిలిపించడం, రికార్డులు తెప్పించడం వంటి విషయాల్లో ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. అయితే ఆయన ఇచ్చేది సిఫార్సే, కోర్టు డిక్రీలా అమలు చేయించే తీర్పు కాదు. సిఫార్సు అందుకున్న అధికారి మాత్రం ఏ చర్య తీసుకున్నదీ మూడు నెలల్లో తెలపాలి. చివరి దారి హైకోర్టులో రిట్ పిటిషన్.

వైకల్య సర్టిఫికెట్ ఇంకా రాలేదని ఆగక్కర్లేదు. 40 శాతం వైకల్యం ఉండాలన్న షరతు ఉచిత విద్య, రిజర్వేషన్ లాంటి వాటికే. సర్దుబాట్లు అడగడానికి ఆ శాతం అక్కర్లేదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు పెట్టి ఉంచండి, ఆఫీసుల్లో ముందు అడిగేది అదే.

పోలీసు కేసు సంగతికొస్తే, నలుగురి ముందు కావాలని అవమానించిన సందర్భానికి దివ్యాంగుల చట్టంలో సెక్షన్ 92 ఉంది, ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. వరండాలో కూర్చోబెట్టారన్న ఒక్క కారణంతో దాన్ని బయటికి తీస్తే కేసు నిలవడం కష్టం, బాబు రేపు మళ్లీ అదే టీచరు దగ్గర కూర్చోవాలి. అదే చట్టం సెక్షన్ 89 కింద మొదటిసారి ఉల్లంఘనకు పదివేల రూపాయల దాకా జరిమానా ఉంటుంది. ఆ సంగతి ఉత్తరం చివర ఒక వాక్యంలో గుర్తు చేయండి, ఎక్కువ స్కూళ్లు ఆ దశలోనే మాట్లాడుకుందాం రమ్మంటాయి.